రాళ్ళకుప్ప పీపాలు

వెర్నువా, 20 అక్టోబర్ 1985

అత్తా,

కోత అయిపోయింది. చేతులు ఇంకా ఊదారంగులోనే ఉన్నాయి, ఎంత తోమినా వదలడం లేదు. కాగితం మీద మరకలు చూసి విసుక్కోకు. ఫోన్ చేస్తే నీకు వినబడదు, వినబడిన రోజుల్లోనూ నువ్వు ఎవరి మాటా వినలేదని నాన్న అంటాడు. అందుకే ఉత్తరం.

ముందు గొడవ సంగతి చెప్పేస్తాను, నాన్న ఎలాగూ తన వైపు నుంచి రాసే ఉంటాడు. కొండవాలు మీద ఉన్న నీ రాళ్ళకుప్ప తోటని ఈ ఏడు నాకు వదిలెయ్యమని అడిగాను. "ఆ రాళ్ళలో ఏం పీకుతావో పీకు" అన్నాడు. సరేనన్నట్టే కదా. గుత్తులు కోయించి, కాడలు తియ్యకుండా, ఎలా ఉన్నవి అలాగే పాత కొయ్య తొట్టిలో పోసి కాళ్ళతో తొక్కాను. నాన్న బస్తాలతో పోసే పంచదార ఒక్క పలుకు కూడా వెయ్యలేదు.

నాన్న కిందటేడు కొన్న కాడలు తీసే యంత్రం సంగతి నీకు రాశాడా? దాన్ని కన్నకూతురి కంటే ముద్దుగా చూసుకుంటాడు. దాని పక్కన నిలబడి నన్ను అడిగాడు, "ఏమే సిదోనీ, వైన్ చేస్తున్నావా, ఆవులకి మేత కలుపుతున్నావా?" అని. కూలీలంతా నవ్వారు. నేను మోకాళ్ళ దాకా రసంలో ఉన్నాను, ఎక్కడికి పోను? ఇంకా గట్టిగా తొక్కాను.

కోత విందులో మళ్ళీ అదే పాట. కుందేలు కూర వడ్డిస్తూ, "మా అమ్మాయి చదువుకుని వచ్చి మా తాత కాలానికి పోయింది" అని అందరికీ చెప్పాడు. తాత కాలంలో అందరూ కాడలతోనే చేసేవారు కదా, అప్పుడు తాగినవాళ్ళు చచ్చిపోయారా అని అడిగాను. "అందరూ పోయారు" అన్నాడు.

నాలుగు పీపాల వైన్ వచ్చింది. వసంతంలో నీకు సీసాలు పంపుతాను. ఈ ఇంట్లో నోరున్న మనుషులు చాలామందే ఉన్నారు, నాలుక ఉన్నది నీకొక్కదానికే.

నీ తుంటి నొప్పి ఎలా ఉందో రాయి.

ఊదా చేతులతో,
సిదోనీ


కాంకార్నో, 3 నవంబర్ 1985

సిదోనీ,

నీ మరకలు చూశాను. వాసన కూడా చూశాను, ఫర్వాలేదు.

తుంటి ఉన్నచోటే ఉంది, నేనే దాన్ని మోసుకు తిరుగుతున్నాను. పొద్దస్తమానం సముద్రం మీంచి వాన. పక్కింటి లెగోఫ్ గారు రోజూ వచ్చి నా చెవిలో అరుస్తుంది, నేను తలూపుతాను, ఆవిడ సంతోషంగా వెళ్ళిపోతుంది. ఏం అరిచిందో ఆ దేవుడికే తెలియాలి. ఇక్కడ అందరూ ఆపిల్ సారా తాగుతారు. మా ఆయన బతికినన్నాళ్ళూ నేను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అంటున్నాను, అది తాగే వస్తువు కాదు.

మీ నాన్న రాశాడు. నీ మీద ఏడు పేజీలు, నా ఆరోగ్యం మీద ఒక వాక్యం.

రాళ్ళకుప్ప గురించి నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. పంపకాలప్పుడు కింది మెత్తటి నేలంతా తమ్ముడికి వెళ్ళింది, ఆడపిల్లకి గుర్రం కూడా ఎక్కడానికి ఒప్పుకోని రాళ్ళ ముక్క ఇచ్చారు. దాన్ని నేను తమ్ముడికే సంగోరుకి ఇచ్చాను. పండినదాంట్లో సగం నాది, సగం వాడిది. నా సగం ఎప్పుడూ అడగలేదు. ఏటా క్రిస్మస్‌కి ఒక పెట్టె పంపుతాడు, చాలనుకున్నాను.

ఇంకో సంగతి కూడా విను. మీ తాత నన్ను నేలమాళిగలోకి రానిచ్చేవాడు కాదు. ఆడది దిగితే పీపాల్లో వైన్ విరిగిపోతుందని ఆ రోజుల్లో అందరూ నమ్మేవాళ్ళు. నెలలో కొన్ని రోజులే ప్రమాదమట. అవి ఏ రోజులో అడగడానికి మగవాళ్ళకి సిగ్గు, అందుకని మొత్తానికే వద్దన్నారు. రుచి చెప్పడానికి మాత్రం నేను కావాలి. పై మెట్టు మీద నిలబడితే మీ నాన్న కింద నుంచి గ్లాసులు మోసుకొచ్చేవాడు, కుర్రాడు, ఒగుర్చుకుంటూ. నేను పుక్కిలించి గులకరాళ్ళ మీద ఉమ్మి, ఏ పీపాని ఎందులో కలపాలో చెప్పేదాన్ని. పతకాలు మీ తాత కోటుకి.

కాబట్టి పంపు. కానీ మెచ్చుకుంటానని మాటివ్వను. నువ్వు నా మేనకోడలివి, నీ వైన్ నాకేమీ కాదు.

ఎర్మాన్స్ అత్త


వెర్నువా, 6 ఏప్రిల్ 1986

అత్తా,

రైలు పార్సిల్లో రెండు సీసాలు వేశాను. ఒక్కోటి రెండు పీపాల నుంచి కలిపి తీసింది. గడ్డిలో చుట్టాను, పైన నీ పేరు కూడా పెద్ద అక్షరాలతో రాశాను.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. నా నాలుగు పీపాల్నీ కింది తోట వైన్‌లో కలిపేస్తానంటున్నాడు నాన్న. కింది తోటది మెత్తగా, తియ్యగా, వెన్నెముక లేకుండా ఉంటుంది, నీకు తెలుసు. ఎప్పుడూ రాళ్ళకుప్పతోనే దాన్ని నిలబెట్టేవాళ్ళు. బోన్ పట్నం షావుకారు, అదే, ఏటా మన పీపాలన్నీ ఒక్కడే కొనే మనిషి, వచ్చే జనవరిలో సెయింట్ విన్సెంట్ పండగకి వస్తాడు. ఆయన రుచి చూసి సరేననగానే కలపడం. ఈలోగా నేను నాన్న మనసు మార్చాలి.

నాకు కావలసింది ఒక్కటే. రాళ్ళకుప్ప వైన్ రాళ్ళకుప్ప పేరుతోనే సీసాలోకి వెళ్ళాలి. ఇంతవరకు ఒక్క సీసా కూడా ఆ పేరుతో బయటికి వెళ్ళలేదు, తెలుసా? వందేళ్ళుగా అది పక్కవాడి వైన్‌కి చేతికర్రగానే బతికింది. ఈసారి దాని కాళ్ళ మీద అది నిలబడుతుంది. నాన్న ఏమన్నా సరే, షావుకారు ఏమన్నా సరే.

నువ్వు ఒక్క మంచి మాట రాస్తే నాన్న ఆగుతాడు. నీ మాట తప్ప ఆయన ఎవరి మాటా వినడు.

సిదోనీ


కాంకార్నో, 12 ఏప్రిల్ 1986

సిదోనీ,

పార్సిల్ ఈ పొద్దున వచ్చింది. పోస్టు మనిషి మెట్ల మీద పెడుతుండగానే ఒకటి తెరిచాను. మంచి మాట రాయమన్నావు, నేను నిజం చెబుతున్నాను.

మూగది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన ఉన్ని వాసన. నోట్లో పచ్చికాడ నమిలినట్టుంది, తర్వాత ఏమీ లేదు. ఎంతసేపు తిప్పినా ఒక్క మాట మాట్లాడలేదు. పళ్ళు మాత్రం బిగుసుకున్నాయి. లెగోఫ్ గారు ఒక గుక్క తాగి మర్యాదగా తన సారాకి వెళ్ళిపోయింది.

మీ నాన్న కూడా అడిగాడు, "అక్కా, ఒక్క మాట రాసి పడెయ్" అని. వాడికీ ఇదే రాశాను. ఒకరికొకటి, ఇంకొకరికొకటి రాసే అలవాటు నాకు లేదు.

ఏడవకు. మొదటిసారి ఎవరికీ కుదరదు.

ఎర్మాన్స్ అత్త


వెర్నువా, 4 మే 1986

అత్తా,

నేను ఏడవలేదు. నీ ఉత్తరం నాన్న ఏం చేశాడో చెబుతాను. పోయిన ఆదివారం ఊరికే పలకరించడానికి వచ్చిన షావుకారు భోజనానికి ఉన్నాడు. జున్ను బల్ల మీదికి రాగానే నాన్న జేబులోంచి నీ కాగితం తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, "మూగది" దగ్గర నుంచి "పళ్ళు బిగుసుకున్నాయి" దాకా చదివాడు. షావుకారు నవ్వలేదు, అదే ఇంకా నయమనిపించింది. జాలిగా చూశాడు. నేను లేచి వెళ్ళి అంట్లు తోమాను.

తోముతుంటే వెలిగింది. అత్తా, ఏ పూట తెరిచావు? పోస్టు మనిషి మెట్ల మీద పెడుతుండగానే అని నువ్వే రాశావు. ఆ సీసాలు ఇక్కడి నుంచి పారిస్ మీదుగా సముద్రం దాకా రైల్లో కుదుపులు తింటూ వచ్చాయి. ప్రయాణం చేసిన వైన్ అలిగిన పిల్లలా నోరు మూసుకుంటుంది, మూడు వారాలైనా కదలకుండా పడుకోబెట్టాలి. ఈ ఊళ్ళో బడికి వెళ్ళే పిల్లల్ని అడిగినా చెబుతారు. వైన్ గురించి నాలుగు ఊళ్ళకి చెప్పిన ఎర్మాన్స్‌కి ఇది తెలియదా? తెలిసే తెరిచావా? తమ్ముడి మాట నెగ్గాలని తెరిచావా?

ఇకమీదట నాన్నకి వైన్ గురించి ఏమీ రాయకు. నేలమాళిగ సంగతి నాకు వదిలెయ్. అది నా పని.

సిదోనీ


కాంకార్నో, 11 మే 1986

మదమొజెల్ సిదోనీ గారికి,

"నేలమాళిగ సంగతి నాకు వదిలెయ్." ఈ మాట నాకు కొత్త కాదు. మా నాన్న అన్నాడు, మా తాత అన్నాడు, వాళ్ళ తర్వాత నువ్వు. ఆడపిల్లవి కాబట్టి ఆ ఇంటి మగవాళ్ళ కంటే వేరుగా ఉంటావనుకున్నాను.

నాకు తెలియదు. రాసుకో, తాటికాయంత అక్షరాలతో రాసుకో. ప్రయాణం చేసిన వైన్ ఎలా ఉంటుందో ఎర్మాన్స్‌కి తెలియదు. నా జీవితంలో వైన్ ఎప్పుడూ ఇరవై మెట్ల కంటే దూరం ప్రయాణం చెయ్యలేదు. కింద నుంచి పైకి, నా గ్లాసులోకి. ఇక్కడికి వచ్చాక మీ నాన్న పంపే పెట్టె క్రిస్మస్‌కి చేరుతుంది, మా ఆయన పోయాక పండగలు లేవు, ఎప్పుడో వేసవిలో తెరుస్తాను. ఎప్పుడూ బాగానే ఉండేది, ఎందుకో ఆలోచించలేదు.

రెండో సీసా మెట్ల కింద అలమారలో పడుకుని ఉంది. అక్కడే ఉండనీ. నేను తెరవను. తమ్ముడి మాట నెగ్గించడానికి నేను వైన్ తాగుతానని అనుకునే పిల్ల కోసం నేను మళ్ళీ బిరడా తియ్యను.

ఎర్మాన్స్


వెర్నువా, 29 జూన్ 1986

అత్తా,

ఆ వాక్యానికి క్షమించు. అది నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు, బహుశా ఆ గోడల్లోంచి వచ్చి ఉంటుంది. తమ్ముడి మాట నెగ్గించడానికి అన్నది కూడా తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను.

వైన్ విషయంలో మాత్రం క్షమాపణ చెప్పను. అది బాగుంది. నిన్న నాలుగు పీపాలూ చూశాను, ఒక్కోటీ ఒక్కో తీరు, కానీ నాలుగూ ఒక్క తల్లి పిల్లలే.

తీగలు పూశాయి. తోటంతా ఆ సన్నటి వాసన.

సిదోనీ


కాంకార్నో, 14 సెప్టెంబర్ 1986

సిదోనీ,

తెరిచాను.

వేసవంతా అది అలమారలో, నేను కుర్చీలో, ఇద్దరం ఒకరినొకరు పట్టించుకోనట్టు గడిపాం. నిన్న లెగోఫ్ గారి పుట్టినరోజు. ఆవిడ రొయ్యలు తెచ్చింది, వాటికి ఎర్ర వైన్ పోసే మూర్ఖురాలిని కాను. రొయ్యలు అయిపోయాక, బాతు కాలు ఒకటి మిగిలితే వేడి చేసి, అప్పుడు తీశాను.

రంగు పలచన. మీ నాన్న వైన్ నల్లగా, మందంగా, పెళ్ళి సూటులా ఉంటుంది. ఇది గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనబడుతుంది. ముక్కు దగ్గర ముందు పుల్ల చెర్రీ, పండీ పండనిది, దాని వెనక మిరియం. కాసేపటికి ఆ కాడల పచ్చి పోయి, ఎండలో పడేసిన పాత సంచుల వాసన. నోట్లో వెయ్యగానే మెత్తగా ఉన్నట్టు నటించి, మింగబోయేసరికి పట్టుకుంది. వదల్లేదు. పళ్ళెం కడిగాను, లెగోఫ్ గారిని వాకిలి దాకా సాగనంపాను, తలుపు గడియ వేశాను, అది ఇంకా నా నాలుక మీదే కూర్చుని ఉంది.

చిన్నప్పుడు రాళ్ళకుప్పకి పనివాళ్ళ అన్నం మోసుకెళ్ళేదాన్ని. దాహమేస్తే నీళ్ళు ఉండేవి కావు, గుత్తిని అలాగే కొరికి, గింజా తొక్కా కాడా అన్నీ నమిలేదాన్ని. నిన్న నాకు ఆ రాయి మీద కూర్చున్నట్టే ఉంది. ఎక్కడా పొరపాటు లేదు, అది రాళ్ళకుప్పే. కళ్ళకి గంతలు కట్టినా చెబుతాను.

నాకు నచ్చలేదు.

అది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను. నా నాలుక ఇన్నేళ్ళూ మీ నాన్న పంచదార వైన్ తాగి మెత్తబడింది, దానికి ఇంత గట్టి మనిషి ఎదురుపడితే కోపం వస్తుంది. లెగోఫ్ గారు మాత్రం రెండు గ్లాసులు తాగింది.

ఎర్మాన్స్ అత్త


వెర్నువా, 26 అక్టోబర్ 1986

అత్తా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు కోతలో ఉన్నాను. నాలుగో వాక్యం నుంచి నిలబడి చదివాను, "నాకు నచ్చలేదు" దగ్గర తట్ట మీద కూర్చుండిపోయాను. నాన్న భుజం మీంచి చదివాడు. ఆయన చదివింది ఆ ఒక్క మాటే. "చూశావా, మా అక్కకి రెండుసార్లు నచ్చలేదు" అని పొద్దుగూకే దాకా అదే అంటూ తిరిగాడు.

నువ్వు నచ్చిందని రాసి ఉంటే ఎంత బాగుండేదో. ఒక్క మాట, అబద్ధమైనా సరే. కానీ నువ్వు రాయవు. నేనైనా రాయనేమో.

ఈ ఏడు రాళ్ళకుప్ప నాకివ్వలేదు. నా కళ్ళ ముందే ఆ గుత్తులన్నీ యంత్రంలో పోశాడు. కాడలు ఒక పక్క, పండ్లు ఒక పక్క, పైన పంచదార బస్తాలు. నాన్న మంచివాడు కాడని నేననను. షావుకారు ఒక్క ఏడు మొహం తిప్పుకుంటే ఈ ఇల్లు నడవదని ఆయన భయం. నిజమే కావచ్చు. కానీ భయపడి చేసిన వైన్‌లో భయమే ఉంటుంది, నేను అది చెయ్యను.

సెయింట్ విన్సెంట్ పండగ నాడే కలుపుతాడట, ఖాయమైంది. ఆ రోజు నేలమాళిగ తాళంచెవి నా దగ్గర ఉంటుంది. నా పీపాల మీద కూర్చుంటాను. నన్ను ఎత్తి అవతల పడేస్తే తప్ప ఆ మూతలు తియ్యలేరు. మీ తమ్ముడికి నడుం నొప్పి, షావుకారుకి బొజ్జ. చూద్దాం ఎవరు ఎత్తుతారో.

సిదోనీ


కాంకార్నో, 7 డిసెంబర్ 1986

సిదోనీ,

పీపాల మీద కూర్చోవద్దు. చలికి మూత్రపిండాలు పాడవుతాయి, పైగా కూర్చున్నదాన్ని ఎవరూ లెక్క చెయ్యరు.

నువ్వు నా ఉత్తరాన్ని తప్పుగా చదివావు, మీ నాన్న అంతకంటే తప్పుగా చదివాడు. నాకు నచ్చకపోతే ఏం? నాకు నచ్చాలని ఆ కొండ ఎవరికైనా మాటిచ్చిందా? ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వైన్ ఎవరో ఒకరికి నచ్చేలా కలిపాను. మీ తాతకి నచ్చేలా, షావుకారు తండ్రికి నచ్చేలా. రాళ్ళకుప్పని అడ్డంగా నరికి కింది తోటలో పోయించింది ఎవరనుకున్నావు? నేనే, పై మెట్టు మీద నిలబడి. అప్పుడది సరైన పనే, వాళ్ళు అడిగింది నేను చెప్పాను. ఇప్పుడు నన్నెవరూ అడగడం లేదు, కాబట్టి నాకు కావలసింది చెబుతున్నాను.

మీ నాన్నకి ఈ రోజే రాశాను. రాళ్ళకుప్ప నాది, సంగోరుకి ఇచ్చాను, నాలుగు పీపాల్లో రెండు నావి. నా రెండిటి మీద చెయ్యి వెయ్యొద్దని.

ఎర్మాన్స్ అత్త


వెర్నువా, 4 జనవరి 1987

అత్తా,

నీ ఉత్తరం చదివి నాన్న ఎర్రబడి, తెల్లబడి, బయటికి వెళ్ళి కట్టెలు కొట్టాడు. మనకి ఇప్పటికే బోలెడు కట్టెలున్నాయి. తర్వాత లోపలికి వచ్చి, "సరే, ఆచారం అంటే ఆచారమే" అన్నాడు. సంగోరులో భూమి ఎవరిదో వాళ్ళే వచ్చి, పీపా పీపా రుచి చూసి, తమ వాటా ఏరుకోవాలట. నేలమాళిగలో, పీపాల దగ్గర నిలబడి. ఉత్తరంలో ఏరుకోవడం కుదరదట. "మా అక్క వచ్చి దిగి ఏరుకోమను" అన్నాడు. నువ్వు దిగవని ఆయన ధీమా.

రావద్దు అత్తా. ఇక్కడ మోకాలి లోతు మంచు. మెట్లు గడ్డకట్టి ఉన్నాయి, నీ తుంటికి ఏమైనా అయితే నేను నన్ను క్షమించుకోలేను. నేను ఏదో ఒకటి చేస్తాను.

సిదోనీ


కాంకార్నో, 10 జనవరి 1987

సిదోనీ,

పండగ ముందు రోజు మధ్యాహ్నం రైలుకి దిగుతాను. లెగోఫ్ గారి మనవడి మంచు బూట్లు అరువు తెచ్చుకున్నాను. స్టేషన్‌కి రా, ఒక్కదానివే రా. మెట్ల మీద ఇసక చల్లించు. నన్ను ఎవరూ పట్టుకోనక్కర్లేదు.

ఎర్మాన్స్


వెర్నువా, 22 ఫిబ్రవరి 1987

అత్తా,

నువ్వు వెళ్ళి నెల అయింది. ఈ నెలంతా సీసాలు నింపుతూనే ఉన్నాం, ఇప్పుడు కూర్చున్నాను. ఆ రోజు నీకు వినబడనివన్నీ రాస్తానని స్టేషన్‌లో మాటిచ్చాను కదా, రాస్తున్నాను.

నువ్వు పై మెట్టు దగ్గర ఆగినప్పుడు, మఫ్లర్ సర్దుకుంటున్నావనుకున్నాను. నాన్న కింద నుంచి చేతిలో గ్లాసు పట్టుకుని పైకి ఎక్కబోయాడు, చూశావుగా. ఎన్నేళ్ళ అలవాటో. అప్పుడు నువ్వు బూటు కింది మెట్టు మీద పెట్టావు. ఆయన గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయి, "అక్కా, జారుతుంది" అన్నాడు. చాలా చిన్నగా అన్నాడు, నాకే సరిగ్గా వినబడలేదు.

షావుకారు నా పక్కన ఉన్నాడు. "ఈవిడ ఈ వయసులో ఇంత దూరం వచ్చి ఏం రుచి చూస్తుందండీ, ఇదంతా తతంగం కాకపోతే" అన్నాడు నాన్నతో. నువ్వు అప్పుడు మొదటి పీపా దగ్గర పుక్కిలిస్తున్నావు. నాన్న ఏమన్నాడో తెలుసా? "మీరు నోరు ముయ్యండి. మీ నాన్న కొన్నదీ, మీరు కొన్నదీ, ఈ ఇంటి వైన్ కాదు, ఆవిడ నాలుక. ఆవిడ వెళ్ళిపోయిన ఏడాది నుంచి నేను గుర్తున్నంతలో నెట్టుకొస్తున్నాను" అన్నాడు. షావుకారుతో మా నాన్న అలా మాట్లాడటం నేను పుట్టాక వినలేదు.

నువ్వు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి నాలుగూ రెండోసారి చూశావు. షావుకారు కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. ఒకటీ మూడూ మెత్తబడి ఉన్నాయి, రెండూ నాలుగూ ఇంకా మొండికేస్తున్నాయి. నేను ఒకటీ మూడూ అంటావనుకున్నాను. నువ్వు కర్రతో రెండోదాన్నీ నాలుగోదాన్నీ కొట్టి, ఆ నేలమాళిగ దద్దరిల్లేలా, "నాకు నచ్చలేదు. ఇవి నావి. వీటిలో ఎవరైనా చుక్క కలిపితే వేళ్ళు విరగ్గొడతాను" అన్నావు. నువ్వు మామూలుగా అన్నాననుకుని ఉంటావు. గుడి దగ్గర ఊరేగింపులో ఉన్నవాళ్ళకి కూడా వినబడిందట.

అప్పుడు నాన్న నాతో అన్నాడు, "గట్టివి తీసుకుంది చూడు. మెత్తనివి ఎక్కడైనా బతుకుతాయి, ఇవి బతకవు. అందుకే."

మిగతా రెండిటినీ ఆ మధ్యాహ్నమే కింది తోట వైన్‌లో పోశారు. నువ్వు పైన నిద్రపోతున్నావు. నేను చూస్తూ నిలబడ్డాను. ఏడవలేదు, తిట్టాను, ఇద్దరినీ కలిపి తిట్టాను. కలిపినదాన్ని షావుకారు ఆహా ఓహో అన్నాడు. అది నాకు ఇంకా మంటగా ఉంది.

మన రెండు పీపాల్నీ సీసాల్లో నింపడానికి మనిషి సాయం లేక అవస్థ పడుతుంటే నాన్న వచ్చాడు. బిరడాలు కొట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి, ఈ బిరడాలు చెత్తవి, ఎవడు అమ్మాడు నీకు అని తిట్టాడు. రోజూ వచ్చాడు, రోజూ తిట్టాడు.

చీటీ మీద "రాళ్ళకుప్ప" అని పెట్టాను. దాని కింద నీ పేరు పెట్టనా? నీకు ఒక పెట్టె పంపుతాను. ఈసారి పడుకోబెట్టు.

నాన్న అన్న మాటకి నువ్వేమంటావో తెలుసుకోవాలని ఉంది. రాస్తావు కదా?

సిదోనీ


కాంకార్నో, 8 మార్చి 1987

సిదోనీ,

మీ నాన్న మాట చదివాను. లెగోఫ్ గారికి కూడా చదివి వినిపించాను, ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు. ఆ మాట వాడు నాకు చెవులు వినబడే రోజుల్లో అనాల్సింది. గ్లాసులు మోసిన ప్రతి రోజూ వాడికి వీలుండేది, పెళ్ళయి వెళ్ళేటప్పుడు నన్ను రైలెక్కించిన రోజు కూడా ఉండేది. ఇప్పుడు నా వెనక నిలబడి షావుకారుకి చెబుతున్నాడు. వాడి మీద నాకు ప్రేమ లేక కాదు. కోపం కూడా ఉంది, అది పోదు, పోగొట్టుకునే ఉద్దేశం నాకు లేదు. ఈ ముక్క వాడికి చదివి వినిపించు. జున్ను బల్ల మీదికి వచ్చాక వినిపించు.

పోయిన రెండు పీపాల గురించి ఏడవలేదని గొప్పగా రాశావు. ఏడవాల్సింది. బాగుండేవి.

నోటరీకి రాశాను. నవంబర్‌లో సెయింట్ మార్టిన్ పండగకి మీ నాన్న సంగోరు గడువు తీరుతుంది. అప్పటి నుంచి రాళ్ళకుప్ప నీకిస్తున్నాను. ఈ ఏటి కోతకి మీ నాన్న అడ్డం వస్తే తోటలో నిలబడి నా పేరు చెప్పు. కాడలతో చేస్తావో, కాళ్ళతో తొక్కుతావో, చేతులతో పిసుకుతావో నాకు చెప్పకు. నన్ను సలహా అడగకు. అడిగితే ఇస్తాను, ఇస్తే అది మళ్ళీ నాలాగే ఉంటుంది.

చీటీ మీద నా పేరు వద్దు. దాన్ని చేసింది నువ్వు, పండించింది ఆ రాళ్ళు, నేను కర్రతో కొట్టాను అంతే. నీ పేరు పెట్టు. పెద్దగా పెట్టు.

పెట్టె పంపకు. దాన్ని రైలెక్కించి కుదపొద్దు. ఆ నేలమాళిగలోనే, రెండో పీపా ఉన్న మూలలో, గోడ వైపు పడుకోబెట్టు. పదేళ్ళు ముట్టుకోకు. అప్పటికి నాకు ఎనభై రెండు. నేనే వస్తాను, ఆ మెట్లు దిగుతాను, అక్కడే నిలబడి తాగి, నచ్చిందో లేదో చెబుతాను. నచ్చకపోతే ఇంకో పదేళ్ళు ఆగుతాను.

ఎర్మాన్స్